ఎంత తీవ్రమైన కాంతి ఐనా?

కాంతి విద్యుత్ ఫలితాన్ని గూర్చి మన పాఠ్యగ్రంథాలలో ఒక వాక్యం ఉన్నది. గ్రంథం మారినా, ముద్రణ మారినా ఈ వాక్యం మాత్రం మారదు. "ఆరంభ పౌనఃపున్యం కంటె తక్కువ పౌనఃపున్యం గల కాంతి, ఎంత తీవ్రమైనదైనా, ఎంతసేపు పడినా, ఎలక్ట్రానులను వెలువరించజాలదు" అన్నది దాని సారాంశం. నేను విద్యార్థిగా దీనిని కంఠస్థం చేశాను. ఉపాధ్యాయుడనైన తరువాత చాలా సంవత్సరాలు దీనినే నల్లబల్లమీద వ్రాశాను. ఇందులో 'ఎంత తీవ్రమైనదైనా' అన్న రెండు మాటలు నిలువదగినవేనా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణకు కారణం నా పొరపాటే. కొన్నేళ్ల క్రిందట పరీక్షపత్రాలు దిద్దుతూ ఉండగా ఒక కుర్రవాని జవాబు నా కంటబడింది. పై సూత్రాన్ని సరిగానే వ్రాసి, క్రింద తన మాటగా ఒక వాక్యం చేర్చాడు: "లేసరు వంటి మిక్కిలి తీవ్రమైన కాంతి ఐతే ఏమవుతుందో చెప్పలేము; రావచ్చును." నేను ఆ వాక్యం క్రింద ఎర్ర గీత గీసి ఒక మార్కు తగ్గించాను. పుస్తకంలో లేనిది వ్రాశాడని నా అభిప్రాయం. కుర్రవాడు వచ్చి అడగలేదు. 2023లో భౌతికశాస్త్రానికి నోబెల్ బహుమానం పియెర్ అగోస్తీనీ, ఫెరెంత్స్ క్రౌస్, ఆన్ లూయిలియే అనే ముగ్గురికి వచ్చినప్పుడు వారి పనిని గూర్చి చదివాను. అప్పుడు తెలిసింది, ఆ మార్కు కుర్రవానిదే అని.

ముందు పాఠ్యవాక్యానికి న్యాయం చేయాలి. దీనిని ఎవరూ ఊహించి వ్రాయలేదు. 1887లో హెర్ట్జ్ అతినీలలోహిత కాంతి పడినప్పుడు విద్యుత్ స్ఫులింగాలు సులువుగా పుట్టడం గమనించాడు. 1902లో లెనార్డ్, వెలువడిన ఎలక్ట్రానుల వేగం కాంతి తీవ్రతను బట్టి మారడం లేదని చూపాడు. 1905లో ఐన్‌స్టైన్ దీనికి కారణం చెప్పాడు: కాంతి విడివిడి శక్తి పొట్లాలుగా వస్తుంది, ఒక్కొక్క పొట్లం ఒక్కొక్క ఎలక్ట్రానుకు శక్తిని ఇస్తుంది, పొట్లంలోని శక్తి చాలకపోతే ఎలక్ట్రాను బయటికి రాదు. 1916 నాటికి మిల్లికన్ కొలతలు ఆ సమీకరణాన్ని స్థిరపరచాయి. ఆనాటి దీపాలతో చేసిన ప్రయోగాలన్నింటికీ పాఠ్యవాక్యం అక్షరాలా సరిపోతుంది.

ఐతే ఆనాటి దీపాలలో అత్యంత తీవ్రమైనది కూడా, ఈనాటి లెక్కలో, మిణుగురు పురుగే. చేసిన ప్రయోగాల మేరకు 'ఇంతవరకు తీవ్రత పెంచి చూశాము, ఎలక్ట్రానులు రాలేదు' అనాలి. 'ఎంత తీవ్రమైనదైనా రావు' అంటే చూడని మేరకు కూడా హామీ ఇచ్చినట్లే. ఐన్‌స్టైన్ ఆ హామీ ఇవ్వలేదు. అదే 1905 వ్యాసంలో, ఎలక్ట్రానుల సంగతికి ముందు, ప్రతిదీప్తిని గూర్చిన స్టోక్స్ నియమాన్ని ఆయన చర్చించాడు. ఒకేసారి మార్పు చెందుతున్న శక్తి పొట్లాలు మరీ దట్టంగా ఉంటే, పుట్టే కాంతిపొట్లం తన శక్తిని అనేక పొట్లాలనుంచి పొందవచ్చునని, అప్పుడు నియమం తప్పవచ్చునని అక్కడ స్పష్టంగా వ్రాశాడు. సిద్ధాంతకర్త తలుపు ఓరగా తెరచి ఉంచితే, పాఠ్యగ్రంథకర్తలు దానికి తాళం వేశారు.

ఆ తలుపు సందులోనుంచి మొదట చూసినది మరియా గోపెర్ట్-మేయర్. గోటింగెన్‌లో ఆమె చేసిన పరిశోధన 1931లో అచ్చయింది. ఒక పరమాణువు రెండు ఫోటానులను ఒక్క చర్యలోనే గ్రహించవచ్చునని లెక్కకట్టి చూపింది. తరువాత 1963లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చింది కాని, అది కేంద్రకాన్ని గూర్చిన వేరే పనికి. రెండు ఫోటానుల సంగతిని పరీక్షించడానికి తగిన దీపం అప్పట్లో ప్రపంచంలో ఎక్కడా లేదు. 1960లో మెయిమన్ కెంపు లేసరును వెలిగించిన మరుసటి సంవత్సరమే, యూరోపియం కలిపిన కాల్షియం ఫ్లోరైడు స్ఫటికంలో రెండు ఫోటానుల గ్రహణం కనబడింది.

దీపం ఎందుకు లేదో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మధ్యాహ్నపు సూర్యకాంతి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 వాట్టు శక్తిని తెస్తుంది. ఒక పరమాణువు వ్యాసం 4 ఆంగ్‌స్ట్రాములు అనుకుంటే, ఆ విస్తీర్ణం గుండా సెకనుకు మూడు నాలుగు వందల ఫోటానులు మాత్రమే పోతాయి. అనగా ఒకదానికీ తరువాతి దానికీ మధ్య రెండు మూడు మిల్లీసెకనుల ఎడం. చాలని శక్తి గల ఒక ఫోటాను వచ్చి ఎలక్ట్రానును కదిలిస్తే, ఆ కదలిక నిలిచేది 10⁻¹⁵ సెకను మాత్రమే. రెండవ ఫోటాను అంతలోపల రావాలి. మిల్లీసెకను తరువాత వస్తే ఏం లాభం? అదే, చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్లు గల లేసరు స్పందంలో, కాంతి ఒక్క డోలనం చేసే కాలంలోనే వెయ్యికి పైగా ఫోటానులు ఆ పరమాణువు గుండా పోతాయి. ఆ డోలనానికి పట్టే కాలం 800 నానోమీటర్ల కాంతికి 2.7 ఫెమ్టోసెకనులు, అనగా 2.7 × 10⁻¹⁵ సెకను.

బురదలో దిగబడిన బండిని ఒక్కడు తోస్తే చక్రం కొంచెం కదలి మళ్లీ గుంటలోకే జారుతుంది. ఏడుగురు ఒకరి తరువాత ఒకరు వచ్చి సాయంకాలం దాకా తోసినా అంతే. ఆ ఏడుగురే ఒక్కమారు భుజం ఆనిస్తే బండి గట్టెక్కుతుంది. పాఠ్యవాక్యం 'ఎంతసేపు పడినా' అనడం మొదటి విధం తోపును గూర్చినది; అది సరియే. 'ఎంత తీవ్రమైనదైనా' అనడం రెండవ విధాన్ని గూర్చినది. ఈ రెండింటినీ ఒకే కాడికి కట్టడం వల్ల చిక్కు వచ్చింది.

ఇప్పుడు సాక్షులను పిలవాలి. పాఠ్యవాక్యం లోహపు పలకను గూర్చినది కదా, జడవాయువుల ప్రసక్తి ఎందుకని ఉపాధ్యాయులు అడగవచ్చును. లోహంలో కూడా ఇది జరుగుతుంది. 1964లోనే సోడియం లోహంనుంచి రెండు ఫోటానులతో ఎలక్ట్రానులను వెలువరించారు. కాని లోహంమీద తీవ్రమైన కాంతి పడితే అది వేడెక్కుతుంది, వేడికి కూడా ఎలక్ట్రానులు వస్తాయి. వచ్చినవి కాంతివా, వేడివా అన్న తగవు తెగదు. పలుచని వాయువులో ఒంటరిగా ఉన్న పరమాణువుకు ఈ బాధ లేదు. అందులోను జడవాయువులైతే అణువులుగా కూడవు, నిండిన కక్ష్యలతో తమంత తామే ఉంటాయి, మామూలు ఉష్ణోగ్రతలోనే వాయువులు కనుక శూన్యపేటికలోకి సన్నని ధారగా వదలవచ్చును. పైగా ఇవి ఎలక్ట్రానులను విడువడంలో పరమ పిసినారులు. ఎలక్ట్రానును ఊడదీయడానికి జెనాన్‌కు 12.13, క్రిప్టాన్‌కు 14.00, ఆర్గాన్‌కు 15.76, నియాన్‌కు 21.56, హీలియంకు 24.59 ఎలక్ట్రాన్ ఓల్టులు కావాలి. హీలియంది అన్ని మూలకాలలోకీ ఎక్కువ. (హీలియం మనకు బొత్తిగా పరాయిది కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సునుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ సంవత్సరపు సూర్య పరిశీలనలలో తేలిన పసుపు రేఖయే తరువాత ఈ మూలకానికి పేరు తెచ్చింది.) ఇంతటి పిసినారుల చేత ఎర్రకాంతి ఎలక్ట్రానులను విడిపించగలిగితే, అంతకంటె గట్టి సాక్ష్యం అక్కరలేదు.

1965లో సోవియట్ యూనియన్‌లో వొరొనోవ్, డెలోనే అనే ఇద్దరు ఆ పని చేశారు. కెంపు లేసరు కాంతి తరంగదైర్ఘ్యం 694.3 నానోమీటర్లు, దాని ఫోటాను శక్తి 1.79 ఎలక్ట్రాన్ ఓల్టులు. జెనాన్ అడిగేది 12.13. ఆరు ఫోటానులు చాలవు, ఏడు కావాలి. వారు కాంతిని కటకంతో కేంద్రీకరించి జెనాన్‌పైకి పంపి, పుట్టిన అయానులను లెక్కించారు. అయానులు పుట్టాయి! కాంతి తీవ్రత పెరిగేకొద్దీ వాటి సంఖ్య ఎంతో నిటారుగా పెరిగింది. ఏడు ఫోటానులు కూడి చేసే పని తీవ్రత యొక్క ఏడవ ఘాతాన్ని బట్టి పెరగాలి. తీవ్రతను రెట్టింపు చేస్తే అయానులు 128 రెట్లు కావాలి. కొలతలో వచ్చిన ఘాతం ఏడుకంటె కొంచెం తక్కువ. ఆ తక్కువకు కారణం మీద తరువాత చాలా చర్చ నడిచింది, మనకు అక్కరలేదు.

ఈ ఏడవ ఘాతమే పాఠ్యవాక్యం ఇన్నాళ్లు ఎందుకు నిలిచిందో చెబుతుంది. తీవ్రతను 10¹³ వాట్ల నుంచి సూర్యకాంతిపాటి 0.1 వాట్టుకు దించితే, తగ్గుదల 10¹⁴ రెట్లు. ఏడు ఫోటానుల చర్య తగ్గుదల 10⁹⁸ రెట్లు. ఒకటి పక్కన తొంబది ఎనిమిది సున్నలు. విశ్వం వయస్సు సెకనులలో సుమారు 4 × 10¹⁷. కాబట్టి దీపం ముందు కూర్చున్నవాడు 'ఎన్నటికీ రావు' అంటే ఆచరణలో తప్పులేదు. తప్పల్లా, ఆచరణలో రాకపోవడాన్ని ప్రకృతి విధించిన నిషేధంగా వ్రాయడంలో ఉన్నది.

ఇంతటితో సరిపెట్టి, "ఒక ఫోటాను చాలకపోతే అనేకం కలుస్తాయి" అని పాఠంలో ఒక పంక్తి చేర్చుకుంటే చాలునని అనిపిస్తుంది. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. కాని అసలు విశేషం దీని తరువాతనే ఉన్నది. తీవ్రత ఇంకా పెరిగితే, ఫోటానుల లెక్కే అక్కరలేని స్థితి వస్తుంది.

కాంతి విద్యుదయస్కాంత తరంగం కనుక అందులో విద్యుత్ క్షేత్రం ఉంటుంది. సూర్యకాంతిలో అది సెంటీమీటరుకు 9 ఓల్టుల పాటి. 10¹⁴ వాట్ల లేసరు కాంతిలో సుమారు 27 కోట్ల ఓల్టులు. హైడ్రోజన్ పరమాణువులో కేంద్రకం ఎలక్ట్రానును పట్టి ఉంచే క్షేత్రం సెంటీమీటరుకు 514 కోట్ల ఓల్టులు. ఇప్పుడు పోల్చి చూడండి. ఎలక్ట్రాను ఒక బావిలో ఉన్నదనుకుంటే, సూర్యకాంతి ఆ బావి వరను తాకినట్లైనా ఉండదు. లేసరు కాంతి మాత్రం ఆ బావి గట్టును ఒక పక్కకు క్రుంగదీస్తుంది. క్రుంగిన వైపు గట్టు పలుచబడుతుంది. ఎలక్ట్రాను, క్వాంటం ధర్మం వల్ల, పలుచని గట్టులోనుంచి ఇవతలికి రాగలదు. దీనినే సొరంగ ఫలితం అంటారు. తీవ్రత మరీ పెరిగితే గట్టు ఎలక్ట్రాను ఉన్న మట్టంకంటె క్రిందికే క్రుంగిపోతుంది. అప్పుడు సొరంగం కూడా అక్కరలేదు, చెరువు అలుగు పారినట్లు ఎలక్ట్రాను పైనుంచే పోతుంది.

1989లో అమెరికాలోని రాచెస్టరులో ఒక బృందం 1053 నానోమీటర్ల లేసరు కాంతితో అయిదు జడవాయువులనూ వరుసగా పరీక్షించింది. ఆ బృందంలోని డోనా స్ట్రిక్‌లండ్, తన గురువు మూరూతో కలసి 1985లో కనిపెట్టిన స్పందవర్ధన పద్ధతికి 2018లో నోబెల్ బహుమానం పంచుకున్నది. ఏ తీవ్రత వద్ద అయానులు కనబడసాగుతాయో కొలిచి, గట్టు క్రుంగే లెక్కతో పోల్చారు. ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా అందేది: అయనీకరణ శక్తిని ఎలక్ట్రాన్ ఓల్టులలో తీసుకొని, దాని నాలుగవ ఘాతాన్ని 4 × 10⁹ చేత గుణిస్తే, మొదటి ఎలక్ట్రాను ఊడడానికి కావలసిన తీవ్రత చదరపు సెంటీమీటరుకు వాట్లలో వస్తుంది. జెనాన్‌కు సుమారు 9 × 10¹³, హీలియంకు సుమారు 1.5 × 10¹⁵. శక్తి రెట్టింపైతే తీవ్రత పదహారు రెట్లు కావాలన్నమాట. కొలతలు ఈ లెక్కతో బాగా ఏకీభవించాయి.

ఉపాధ్యాయులు ఈ సూత్రాన్ని మరొకసారి చూడాలని కోరుతున్నాను. ఇందులో కాంతి పౌనఃపున్యం ఎక్కడ ఉన్నది? లేనే లేదు! పాఠ్యవాక్యం ప్రకారం ఎలక్ట్రాను వచ్చేదీ రానిదీ నిర్ణయించేది పౌనఃపున్యం, తీవ్రతకు అందులో చోటు లేదు. ఇక్కడ నిర్ణయించేది తీవ్రత. పౌనఃపున్యం, గట్టు క్రుంగి ఉన్నంతలో ఎలక్ట్రాను దాటడానికి వ్యవధి ఇచ్చేటంత తక్కువగా ఉంటే చాలు. ఆరంభ పౌనఃపున్యం పోయి ఆరంభ తీవ్రత వచ్చింది. ఇది నియమానికి మినహాయింపు చేర్చడం కాదు, నియమం తలక్రిందులు కావడం.

ఈ రెండు చిత్రాలలో ఏది నిజమని పిల్లలు తప్పక అడుగుతారు. దానికి జవాబు లేసరు పుట్టిన నాలుగేళ్లకే, 1964లో, మాస్కోలో కెల్డిష్ ఇచ్చాడు. రెండూ ఒకే దాని రెండు కొసలు. ఎలక్ట్రాను గట్టు దాటడానికి కావలసిన కాలాన్ని కాంతి డోలన కాలంతో పోల్చే ఒక నిష్పత్తిని ఆయన కట్టాడు. ఆ నిష్పత్తి ఒకటికంటె చాలా ఎక్కువైతే ఫోటానులను లెక్కపెట్టడం మంచిది. చాలా తక్కువైతే గట్టు, సొరంగం అని చెప్పడం మంచిది. 1965 నాటి కెంపు లేసరు ప్రయోగం మొదటి కొసన ఉన్నది. ఐనా వొరొనోవ్, డెలోనే తమ వ్యాసం శీర్షికలో ఫోటానుల మాట ఎత్తక, విద్యుత్ క్షేత్రం వల్ల అయనీకరణం అనే పెట్టుకున్నారు. రెండు భాషలూ పుట్టినప్పటినుంచి కలగలసినవే.

ఇక్కడ నా విమర్శ పాఠ్యగ్రంథాలను విడిచి, ఈమధ్య వస్తున్న జనరంజక వ్యాసాల మీదికి మళ్లుతున్నది. 2023 బహుమానం తరువాత వచ్చిన చాలా వ్యాసాలు "లేసరు కాంతికి ఎలక్ట్రాను సొరంగం గుండా బయటపడుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాయి. ప్రయోగశాలలలో మామూలుగా వాడే 800 నానోమీటర్ల లేసరును 10¹⁴ వాట్ల తీవ్రతతో జెనాన్‌మీద ప్రయోగిస్తే కెల్డిష్ నిష్పత్తి ఎంత వస్తుందో లెక్కవేశాను. సరిగా ఒకటి! అనగా ఆ పరమాణువు ఈ కొసనా లేదు, ఆ కొసనా లేదు, నట్టనడుమ ఉన్నది. హీలియంను 10¹⁵ వద్ద తీసుకుంటే 0.45, అక్కడ సొరంగం మాట కొంత నప్పుతుంది. పాత వాక్యంలో ఉన్న దోషమే కొత్త వాక్యంలోకి దూరింది: ఒక మేరకు చెల్లేదానిని మేర చెప్పకుండా చెప్పడం.

వెలువడిన ఎలక్ట్రానుల శక్తిని గూర్చి కూడా పాఠంలో ఒక సూత్రం ఉన్నది కదా: గరిష్ఠ గతిజశక్తి, ఫోటాను శక్తిలోనుంచి పని ప్రమేయాన్ని తీసివేయగా మిగిలినది, తీవ్రతకు దానితో పనిలేదు. 1979లో ఫ్రాన్సులోని సాక్లేలో అగోస్తీనీ, ఆయన సహచరులు జెనాన్‌మీద 532 నానోమీటర్ల పచ్చని కాంతిని ప్రయోగించి, ఎలక్ట్రానుల శక్తిని కొలిచారు. ఒక్కొక్క ఫోటాను శక్తి 2.33, ఆరు ఫోటానులు కలిస్తే 13.98. జెనాన్‌కు చెల్లించవలసిన 12.13 పోగా 1.85 ఎలక్ట్రాన్ ఓల్టులు మిగలాలి. ఆ శక్తితో ఎలక్ట్రానులు వచ్చాయి. వాటితోపాటు సరిగా 2.33 ఎక్కువ శక్తితో మరికొన్ని వచ్చాయి. ఆరు చాలినా ఎలక్ట్రాను ఏడవ ఫోటానును కూడా మింగిందన్నమాట. ఋణం తీరిన తరువాత కూడా కట్టిన వాయిదా వంటిది ఇది. తీవ్రత పెంచిన తరువాతి ప్రయోగాలలో ఇటువంటి మెట్లు ఒకదానిపై ఒకటి ఎన్నో కనబడ్డాయి. తీవ్రతకు పనిలేదన్న రెండవ సూత్రం గతి కూడా అంతే అయింది.

ఊడిన ఎలక్ట్రాను ఏమవుతుంది? 1988లో అదే సాక్లేనుంచి లూయిలియే, ఆమె సహచరులు ఒక వింతను ప్రకటించారు. 1064 నానోమీటర్ల కాంతిని ఆర్గాన్‌లోకి పంపితే, ఆ పౌనఃపున్యానికి బేసి రెట్లు గల అనుస్వరాలు ముప్పైమూడవ దాని వరకు వెలువడ్డాయి. వీణ తీగను మీటితే మూలస్వరంతోపాటు పై స్వరాలు వినబడినట్లే. ఐతే తీగలో పైకి పోయేకొద్దీ స్వరం సన్నగిలుతుంది. ఇక్కడ అనేక అనుస్వరాలు ఇంచుమించు ఒకే బలంతో ఉండి, ఒకచోట హఠాత్తుగా ఆగిపోయాయి. 1993లో కెనడాలో కోర్కమ్, అమెరికాలో కులాండర్ బృందం దీనికి సులభమైన కారణం చెప్పారు. ఎలక్ట్రాను బయటపడుతుంది, కాంతి క్షేత్రం దానిని దూరంగా నెడుతుంది, అర డోలనంలో క్షేత్రం దిశ మారి వెనక్కు లాగుతుంది, తిరిగి వచ్చి తన పరమాణువునే ఢీకొని, తెచ్చిన శక్తిని కాంతిగా విడుస్తుంది. క్షేత్రంలో ఊగే స్వేచ్ఛా ఎలక్ట్రాను సగటు శక్తికి 3.17 రెట్లకు మించి అది తేలేదని న్యూటను సూత్రాలతోనే లెక్కకట్టవచ్చు. అనుస్వరాలు ఆగిపోయిన చోటు దానితో సరిపోయింది. ఈ అనుస్వరాలను పేర్చి, 2001లో అగోస్తీనీ బృందం 250 ఆట్టోసెకనుల స్పందాల వరుసను, క్రౌస్ బృందం 650 ఆట్టోసెకనుల ఒంటి స్పందాన్ని సాధించాయి. ఆట్టోసెకను అంటే 10⁻¹⁸ సెకను.

ఈ మూడు మెట్ల కథ ఎంత అందంగా ఉన్నదో అంత జాగ్రత్తగా చెప్పాలి. బయటపడిన ఎలక్ట్రానును కాంతి క్షేత్రం ఒక్కటే నడుపుతుందనీ, వెనుక మిగిలిన అయాను ఆకర్షణను లెక్కలోనుంచి విడిచిపెట్టవచ్చుననీ అందులో ఒక సౌకర్యం కలిపి ఉన్నది. కాంతి తరంగదైర్ఘ్యం పెరిగితే ఈ సౌకర్యం ఇంకా బాగా చెల్లుతుందని అందరూ భావించారు. 2009లో అమెరికాలోని ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ బృందం సుమారు 2 మైక్రోమీటర్ల కాంతితో జడవాయువులను పరీక్షిస్తే, తక్కువ శక్తి గల ఎలక్ట్రానులలో ఎవరూ ఎదురుచూడని ఒక గుట్ట కనబడింది. విడిచిపెట్టిన అయాను ఆకర్షణను మళ్లీ చేర్చినప్పుడే ఆ గుట్టకు కారణం దొరికింది. సిద్ధాంతం అన్నిటికంటె బాగా పనిచేయవలసిన చోటనే లోటు బయటపడడం గమనించదగినది. ఆ బృందంలో అగోస్తీనీ కూడా ఒకరు. తన పాత పనికి వచ్చిన వివరణను ముప్పై సంవత్సరాల తరువాత తానే పరీక్షకు నిలబెట్టిన ఆయన పద్ధతి నాకు బహుమానంకంటె మిన్నగా తోచింది.

మరొక్క మాట. కాంతి పడిన 'తక్షణమే' ఎలక్ట్రాను వెలువడుతుందని, ఆలస్యం 10⁻⁹ సెకనుకు లోపే అని పాఠం చెబుతుంది. ఇది సరియైన వాక్యం. కొలిచిన మేరను తానే చెప్పుకున్నది. 2010లో క్రౌస్ బృందం నియాన్‌లో, ఒక్క ఫోటానుతోనే ఊడిన రెండు రకాల ఎలక్ట్రానుల మధ్య 21 ఆట్టోసెకనుల తేడా కొలిచింది. సిద్ధాంతం అంత తేడా ఇవ్వలేదు. ఏడేళ్లు తగవు నడిచింది. 2017లో లుండ్‌లో లూయిలియే బృందం, ఒక ఎలక్ట్రాను బయటికి పోతూ మరొకదానిని అయానులోనే పై మెట్టుకు కుదిపే వేరొక చర్య ఆ కొలతలో కలసి ఉండవచ్చునని చూపి, తమ కొలతను సిద్ధాంతంతో సరిపుచ్చింది. ఇంత జరిగినా పాఠంలోని 10⁻⁹ అనే వాక్యానికి ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. 'ఎంత తీవ్రమైనదైనా' అన్నవారు కూడా ఇట్లాగే మేర చెప్పి ఉంటే ఈ వ్యాసానికి పని ఉండేది కాదు.

మార్చవలసినది కొద్దిగానే. "మామూలు దీపాల తీవ్రతలో, ఆరంభ పౌనఃపున్యం కంటె తక్కువ పౌనఃపున్యం గల కాంతి ఎలక్ట్రానులను వెలువరించదు, ఎందుకంటే ఒక్కొక్క ఎలక్ట్రాను ఒక్కొక్క ఫోటానునే గ్రహిస్తుంది" అంటే సరిపోతుంది. కారణం కూడా వాక్యంలోనే ఉన్నది కనుక, ఆ కారణం ఎక్కడ చెల్లదో తెలివిగల విద్యార్థి తానే అడుగుతాడు. గ్రంథం మారేదాకా ఆగనక్కరలేదు; నల్లబల్లమీద ఈ రోజే మార్చవచ్చు.

తరగతిలో ఇవ్వడానికి లెక్కలు కూడా సిద్ధంగానే ఉన్నవి. తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో తీసుకొని 1240ని దానిచేత భాగిస్తే ఫోటాను శక్తి ఎలక్ట్రాన్ ఓల్టులలో వస్తుంది. జెనాన్‌కు కెంపు లేసరు ఫోటానులు ఏడు, 532 నానోమీటర్ల పచ్చనివి ఆరు, 1064 నానోమీటర్లవి పదకొండు కావాలి. హీలియంకు కెంపు లేసరువి ఎన్ని, 800 నానోమీటర్లవి ఎన్ని అని పిల్లలను అడగండి. పద్నాలుగు, పదహారు అని రావాలి. ఆ తరువాత, తీవ్రతను రెట్టింపు చేస్తే హీలియం అయానులు ఎన్ని రెట్లు పెరుగుతాయో అడిగి, ఆ తీవ్రతల వద్ద ఫోటానులను లెక్కపెట్టడం ఎంతవరకు చెల్లుతుందో వారిచేతనే చెప్పించండి.